గిటార్ తీగల కొసలు దేనితో కత్తిరించాలి?

కొత్తచేయి: ఉక్కు తీగల గిటారుకు మొదటిసారి నేనే తీగలు మారుస్తున్నాను. లావు తీగలు నాలుగూ బిగించాను, సన్నవి రెండు మిగిలాయి. కొసలు వేళ్లకు గుచ్చుకుంటున్నాయి. నెయిల్ కట్టర్‌తో నొక్కితే దాని అంచుకే గాటు పడింది. ఏది కొనాలి?

టంకంచుక్క: ముందు ఏది వాడకూడదో చెబుతాను. రేడియో, టీవీ రిపేరు చేసేవారి చిన్న నిప్పర్ జోలికి వెళ్లకండి. అది మెత్తని రాగి తీగ కోసం చేసినది. మీ మొదటి తీగ, అంటే అన్నిటికంటే సన్నది, 0.010 అంగుళం అనుకుందాం, అంటే పావు మిల్లీమీటరు. సన్నగా ఉందని మోసపోవద్దు, అది పియానోలో వాడే రకం గట్టి ఉక్కు. లావు తీగలకు పైన చుట్టింది కంచు అయినా లోపలిది ఉక్కే. ఒక్క కోతతో నిప్పర్ అంచు దెబ్బతింటుంది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే గాటులోంచి వెలుతురు కనిపిస్తుంది. గట్టి తీగకు పనికొచ్చే సైడ్ కట్టర్ కొనండి.

ఆరోతీగ: పదిహేనేళ్లుగా పిల్లలకు గిటారు నేర్పుతున్నాను. ఇంట్లో ఉండే కటింగ్ ప్లేయర్ చాలు. తీగను దవడల కొసన కాకుండా ఇరుసు దగ్గరగా పెట్టి నొక్కండి. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

పల్లవి: సన్నవాటిని శ్రుతి చేశాకే కత్తిరించండి.

టంకంచుక్క: ఆరోతీగ గారూ, నేను చెప్పింది నిప్పర్ గురించి.

ఆరోతీగ: నేను చెప్పింది కటింగ్ ప్లేయర్ గురించి. నిప్పర్ అన్న మాట నేను ఎక్కడ అన్నాను?

ఏకాంతం: నేను కత్తిరించను, గుండ్రంగా చుట్టి వదిలేస్తాను.

టంకంచుక్క: "ఏదో ఒకటి చాలు" అనే మాటతోనే గొడవంతా. మా వీధిలో ఒక గిటారు మాస్టారు "ఒక్క నిమిషం" అని నా నిప్పర్ తీసుకెళ్లారు. ఆరు తీగలు తెంపి, తుడిచి, ఎక్కడిది అక్కడే పెట్టారు. మరునాడు సర్క్యూట్ బోర్డు మీద విడిభాగం తీగ కాలు కత్తిరించబోతే తెగలేదు, నలిగింది.

ఆరోతీగ: ఆ మాస్టారిని నేను కాదు. ఆయన మీద కోపం నా మీద తీర్చుకుంటే ఎలా?

టంకంచుక్క: మీకది పనిముట్టు, నాకు కూడు. అడిగి తీసుకెళ్లినవారు పాడైందని ఒక్క మాట చెప్పరు. మంగలి కత్తిని అట్టముక్కలు కోయడానికి అడుగుతారా?

ఆరోతీగ: నా బాధా వినండి. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందివి అరువు గిటార్లు. తీగల సెట్టు కొనడానికే ఇంట్లో నెల రోజులు బతిమాలుతారు. దానికి తోడు ప్రత్యేకమైన కట్టర్ కావాలంటే గిటారు అటకెక్కుతుంది. అందుకే ఉన్నదానితో కానివ్వమంటాను. ఎదుటివారిది పాడుచేయమని కాదు.

టంకంచుక్క: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత రాసేవాడిని కాదు.

ఆరోతీగ: మీరు అడిగి ఉంటే చెప్పేవాడిని.

కొత్తచేయి: సైడ్ కట్టర్ కొన్నాను, చక్కగా తెగింది. కానీ మొదటి తీగను బిగించకముందే కొలిచి తెంపేశాను. తీగను చుట్టి బిగించే మీటకు ఒక్క చుట్టు కూడా రాక జారిపోయింది. అది విడిగా అమ్ముతారా?

పల్లవి: పైన రాశాను.

టంకంచుక్క: అమ్ముతారు. 0.010 అని అడగండి. రెండు కొనండి.