అమృతం, అంజిలతో మళ్లీ సినిమా తీస్తే ఆడుతుందా?

బెజవాడ కుర్రాడు:
2001 నుంచి 2007 దాకా ఆదివారం రాత్రి జెమినీలో ‘అమృతం’ కామెడీ సీరియల్ వస్తుంటే మా సత్యనారాయణపురంలో అందరూ టీవీల ముందే ఉండేవాళ్లు. 2014లో అందులోని స్నేహితులు అమృతం, అంజిలని చందమామ మీదకి పంపి సినిమా తీశారు కదా, అది నాకు ఎక్కలేదు. లోపం ఎక్కడుందంటారు?

అరండల్‌పేట అమ్మాయి:
నటుల తప్పు కాదు అన్నా. అవసరాల శ్రీనివాస్, హరీష్ బాగానే చేశారు, తీసింది కూడా గుణ్ణం గంగరాజు గారే. కానీ సీరియల్లో అమృతంగా శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ఇలా మారుతూ వచ్చినా మనం సర్దుకుపోయామంటే అంజిగా గుండు హనుమంతరావు గారు అలాగే ఉండటం వల్లే. మన విజయవాడ మనిషి, 2018లో పోయారు. ఆయన లేకుండా నేనైతే చూడలేను.

మంగళగిరి మామ:
పాత్ర మారకూడదు, ఊరు మారొచ్చు. మిస్టర్ బీన్‌ని చూడండి, 1997 సినిమాలో అమెరికా, 2007లో ఫ్రాన్స్, రెండింటిలోనూ ఆ రోవాన్ అట్కిన్సనే, అదే అమాయకత్వం. అరగంట ఎపిసోడ్‌కి ఒక్క చిక్కు చాలు. రెండు గంటలకి మాత్రం ఆ చిక్కు పెరుగుతూ పోవాలి, లేదంటే నాలుగు ఎపిసోడ్లు అతికించినట్టు ఉంటుంది. చందమామ ఎందుకండీ, బీసెంట్ రోడ్డులో హోటల్ పెట్టించి అద్దె కట్టలేక తిప్పలు పడనివ్వండి.

బెజవాడ కుర్రాడు:
బీసెంట్ రోడ్డు అయితే మొదటి రోజు మొదటి ఆటకే వెళ్తా మామా. మరి అంజిగా ఎవరు? 2020లో ఓటీటీలో వచ్చిన కొత్త ‘అమృతం’లో ఎల్బీ శ్రీరామ్ గారు చేశారు, ఆయన్నే ఉంచమంటాను.