చక్ బెర్రీ చివరి ఆల్బమ్‌ను ఎలా వినాలి?

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి):
మా నాన్నగారు ఆబిడ్స్ ఆదివారం సంతలో కొన్న ఒక పాత క్యాసెట్టు వల్ల అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు, గిటారిస్టు చక్ బెర్రీ పాటలు నాకు చిన్నప్పుడే పరిచయమయ్యాయి. 1958 నాటి ‘జానీ బి. గూడ్’ మొదట్లో వచ్చే గిటారు వినగానే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఈ మధ్య ఆయన చివరి ఆల్బమ్ ‘చక్’ విన్నాను. గొంతులో జీర వచ్చింది, ‘లేడీ బి. గూడ్’లో పాత బాణీయే మళ్ళీ వినిపించింది. పెద్దాయన మీద గౌరవంతో మెచ్చుకోవడమేనా, లేక నేను వినవలసినది వినలేదా?

జవాబు (చిక్కడపల్లి నుంచి):
‘లేడీ బి. గూడ్’ పాత పాటకు కొనసాగింపుగా కావాలనే కట్టినది, కాబట్టి దానితో మొదలుపెడితే పోలిక తప్పదు. 1979లో వచ్చిన ‘రాక్ ఇట్’ తరువాత 38 ఏళ్ళకు వచ్చిన స్టూడియో ఆల్బమ్ ఇది. 2016 అక్టోబరు 18న, తన తొంభయ్యో పుట్టినరోజున, ఆయన దీన్ని ప్రకటించారు. 2017 మార్చి 18న కన్నుమూశారు. జూన్‌లో ఆల్బమ్ విడుదలైంది. అయితే రెండు ఆల్బమ్‌ల మధ్యకాలమంతా ఆయన వాయిద్యం పక్కన పెట్టి కూర్చోలేదు. తన ఊరు సెయింట్ లూయిస్‌లోని ‘బ్లూబెర్రీ హిల్’ అనే రెస్టారెంటులో నెలకొకసారి చొప్పున ఏళ్ళ తరబడి రెండు వందలకు పైగా కచేరీలు చేశారు, ఆల్బమ్‌లో వాయించినది కూడా ప్రధానంగా ఆ బృందమే. కొడుకు చార్లెస్ గిటారు, కూతురు ఇంగ్రిడ్ మౌతార్గాన్ వాయించారు. ఆయన ఎక్కడ ఆగుతారో, ఎక్కడ అందుకుంటారో వాళ్ళకు ముందే తెలుసు. ఆ చనువును వినండి. ‘డార్లిన్’లో తనకు వయసు మీద పడుతున్నదని తండ్రి కూతురికి చెప్పుకుంటారు, పక్కన పాడుతున్నది ఇంగ్రిడ్ గొంతే. ఆ పాటకు ముప్ఫై ఏళ్ళ కుర్రవాడి గొంతు ఏం సరిపోతుంది?

జవాబు (గిటారు నేర్పుతాను, మారేడుపల్లి):
జీర గురించి ఒక మాట. త్యాగరాయ గానసభలో వయసు మళ్ళిన విద్వాంసులు పై స్థాయి అందకపోతే కిందనే నిలబడి రాగాన్ని చెప్పడం మనం విన్నదే. ‘డచ్‌మన్’లో ఈయన పాడడం దాదాపు మానేసి, కథ చెప్పినట్టు మాట్లాడతారు. నాకు ఆల్బమ్ మొత్తంలో అదే ఇష్టం. ‘జమైకా మూన్’ మాత్రం 1956 నాటి తన ‘హవానా మూన్’ను తిరగరాసినది, పాతదే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ‘డార్లిన్’ను నాన్నగారి పక్కన కూర్చుని విన్నాను. పాట అయ్యాక ఆయన ఇంకొకసారి పెట్టమన్నారు.