శబ్దంలో అంకెల పరీక్ష: వారం తర్వాత చేస్తే ఫలితం 3 డెసిబెల్స్ మారుతోంది

ఒంగోలులో 60 దాటినవాళ్లకి తెలుగు అంకెలతో వినికిడి పరీక్ష చేస్తున్నాను. రొద మధ్య మూడు అంకెలు వినిపిస్తాం. మూడూ సరిగ్గా చెబితే మాట స్థాయి 2 డెసిబెల్స్ తగ్గుతుంది, తప్పితే 2 పెరుగుతుంది. రొద 65 డెసిబెల్స్ దగ్గర స్థిరం. 24 సార్లు వినిపించి, మొదటి నాలుగు వదిలేసి మిగతావాటి మాట స్థాయిల సగటు తీస్తాను, అదే ఫలితం.

కాలేజీ పిల్లల్లో రెండోసారి తేడా 1 డెసిబెల్ లోపే. పెద్దవాళ్లలో కొందరికి 3 దాటుతోంది, అదీ ఒకే దిశలో కాదు. కాబట్టి అలవాటు వల్ల మెరుగుపడుతున్నారని అనుకోలేను.

వైరు హెడ్‌ఫోన్ ఒక్కటే వాడుతున్నాను, స్థాయి మీటరుతో సరిచూశాను, ఫ్యాను ఆపించాను, ల్యాప్‌టాప్‌లో సౌండ్ ఎఫెక్టులు తీసేశాను, ముందు ఒక ప్రాక్టీసు జాబితా ఇచ్చాను. ఉదయం వచ్చినవాళ్లని మళ్లీ ఉదయమే పిలిచాను. ఏదీ పనిచేయలేదు.

నా అనుమానం అంకెల మీదే. ‘ఎనిమిది’ నాలుగు అక్షరాలు, పొడవు బట్టే పట్టేస్తారు. ‘మూడు’, ‘ఏడు’ కలిసిపోతాయి. అయితే మూడు అంకెలు గుర్తుపెట్టుకోవడమే కొందరికి కష్టమేమో. ఈ కొలతని నమ్మి ఒకరి వినికిడి తగ్గిందని చెప్పాలంటే భయంగా ఉంది.

ఇలాంటి పరీక్ష తయారుచేసినవాళ్లు చెప్పండి: ముందు ఒక్కో అంకె స్థాయిని విడిగా సవరించాలా, లేక మూడూ కలిపి కాకుండా అంకెకో మార్కు ఇచ్చి చూడాలా?