తలకు తీవ్రంగా దెబ్బ తగిలిన మనిషిని ఇంట్లోనే చూసుకోవాలా?

సీతమ్మధార వాసి: బండి ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మా బావగారిని ఆరు వారాల తర్వాత ఇంటికి తీసుకువెళ్లమంటున్నారు. ఊపిరి కోసం గొంతుకు ట్రాకియాస్టమీ (రంధ్రం చేసి పెట్టిన గొట్టం), ఆహారం కోసం ముక్కులో రైల్స్ ట్యూబు ఉన్నాయి. కళ్లు తెరుస్తారు గాని పిలిస్తే పలకరు. ఇంటికి తేవాలా, సంరక్షణ కేంద్రంలో చేర్చాలా?

గాజువాక పెద్దాయన: సందేహమే అక్కర్లేదు, ఇంటికే తీసుకురండి. మా తమ్ముడిని నాలుగేళ్లుగా ఇంట్లోనే చూసుకుంటున్నాం. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెడుతున్నాం కనుక ఇంతవరకు ఒక్క పుండు పడలేదు. పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నది, దరఖాస్తు చేసుకోండి.

మద్దిలపాలెం కుర్రాడు: గాలి పరుపు వేస్తే అంత తరచుగా తిప్పనక్కర్లేదు.

అరిలోవ విశ్రాంత నర్సు: గాలి పరుపు వేసినా తిప్పడం మానకూడదు. గొట్టంలో ఆహారం పోసేటప్పుడు తలవైపు కనీసం 30 డిగ్రీలు ఎత్తి, ఆ తర్వాత కూడా అరగంటకు పైగా అలాగే ఉంచకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చే ప్రమాదముంది. గొంతులో కఫం లాగే సక్షన్ యంత్రానికి ఇన్వర్టర్‌తో పాటు కాలితో తొక్కేది కూడా ఒకటి ఉంచుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత మన విశాఖలో రోజుల తరబడి కరెంటు రాలేదు.

పెందుర్తి కోడలు: గాజువాక వారూ, రాత్రి రెండింటికి, నాలుగింటికి లేచి తిప్పేది ఎవరండీ?

గాజువాక పెద్దాయన: ఇంట్లో వాళ్లమే. చర్చ రెండు గంటల నియమం గురించి కదా?

పెందుర్తి కోడలు: కాదండీ. మా మామగారిని మూడేళ్లు నేనొక్కదాన్నే తిప్పాను. బడిలో ఉద్యోగం మానుకున్నాను, నడుములో డిస్కు జారింది. యాపిల్ పళ్లతో వచ్చిన బంధువులు మాత్రం మా ఆయన పితృభక్తిని మెచ్చుకుని వెళ్లేవారు. మీరు రాసిన ‘చూసుకుంటున్నాం’లో మీ భార్యగారి వంతు ఎంతో చెప్పండి.

గాజువాక పెద్దాయన: మా ఇంటి సంగతి మీకెందుకమ్మా? కేంద్రంలో చేర్చడమంటే వాడిక లేవడని నేను ఒప్పుకున్నట్టే. అది నా వల్ల కాదు.

అరిలోవ విశ్రాంత నర్సు: దెబ్బ వల్ల వచ్చిన అచేతన స్థితిలో ఏడాది దాటాక తెలివి రావడం అరుదే గాని అసాధ్యం కాదు; అమెరికా నరాల వైద్యుల 2018 మార్గదర్శకాలు ‘శాశ్వత’ అన్న మాటను తీసి ‘దీర్ఘకాలిక’ అని మార్చినది అందుకే.

పెందుర్తి కోడలు: లేవరని నేనూ అనలేదు. ఆయన లేచే నాటికి ఆవిడ మంచాన పడకూడదన్నాను.

గాజువాక పెద్దాయన: నిన్న రాత్రి నాలుగింటికి నేనే లేచాను. ఒక్కడినే తిప్పలేక ఆవిడను లేపవలసి వచ్చింది.

అరిలోవ విశ్రాంత నర్సు: భుజాల నుంచి తొడల వరకు అడుగున మడతపెట్టిన దుప్పటి అడ్డంగా పరిచి ఉంచండి. మనిషిని కాక, దాన్ని పట్టుకుని లాగాలి.