హోటలు, ఆఫీసు, ఫంక్షన్ హాలు ఒకే బిల్డింగులో: డబ్ల్యూసీల (మరుగుదొడ్ల) లెక్క కలిపి రౌండ్ చేయాలా, విడివిడిగానా?

తిరుచానూరు రోడ్ డ్రాఫ్ట్స్‌మన్
తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర ఒక జీ ప్లస్ త్రీ గీస్తున్నా. కింద షాపులు. మొదటి అంతస్తులో 60 సీట్ల హోటలు, రెండులో 400 చదరపు మీటర్ల ఆఫీసు, మూడులో సీమంతాలకూ ఒడుగులకూ అని 180 చదరపు మీటర్ల హాలు. షాపుల పట్టిక వేరు, దాని జోలికి పోవట్లేదు. ప్రస్తుతానికి మగవాళ్ల డబ్ల్యూసీలు మాత్రం చూడండి.

ఎన్‌బీసీ (నేషనల్ బిల్డింగ్ కోడ్) 2016 ప్రకారం హోటల్లో 50 సీట్లకు ఒకటి, అంటే 1.2. ఆఫీసులో మనిషికి 10 చ.మీ. చొప్పున 40 మంది, సగం మగవాళ్లు 20 మంది, 25 మందికి ఒకటి కాబట్టి 0.8. హాల్లో కుర్చీలు వేస్తే మనిషికి 0.6 చ.మీ., అంటే 300 మంది, అందులో మగవాళ్లు 150. ఆడిటోరియం పట్టికలో 100 మందికి ఒకటి, 1.5 వచ్చింది. కూడితే 3.5, నాలుగు కట్టాలి. విడివిడిగా రౌండ్ చేస్తే 2, 1, 2. మొత్తం ఐదు.

ఓనరు నాలుగు చాలంటాడు. మిగిలిన మూలను స్టోర్ రూముగా బాడుగకిస్తాడంట.

గల్ఫ్ రిటర్న్ ఎంఈపీ
ఓనరుదే కరెక్టు. ఐపీసీ చూడండి. శిక్షాస్మృతి కాదు సామీ, ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్! అందులో 403.1.1లో ఉంది: ఒకే భవనంలో రకరకాల వాడకాలుంటే ముందు భిన్నాలన్నీ కూడాలి, ఆ తర్వాతే పై అంకెకు ఎత్తాలి. ప్రతిచోటా పైకెత్తుతూ పోతే పది చిన్న వాడకాలున్న బిల్డింగులో కట్టినవన్నీ దొడ్లే అవుతాయి.

జీవో 119
అమెరికా పుస్తకం అమెరికాలో. మనకు నడిచేది 2017 ఏపీ బిల్డింగ్ రూల్స్, దాని వెనక ఎన్‌బీసీ. ఎన్‌బీసీ ఆఫీసు పట్టికలో 25 మందికి ‘లేదా అందులో భాగానికి’ ఒకటి అని ఉంది. ఆ మాటలోనే రౌండ్ చేయడం ఉంది కదా. 0.8 అన్న అంకె ఆ పట్టికలో పుట్టనే పుట్టదు, దాన్ని తీసుకెళ్లి ఇంకోదాంతో కూడేదేంది?

చంద్రగిరి ప్లంబర్
అంకెలు మీరు చూసుకోండి. నేను చూసింది చెప్తా. ఇట్లాంటి బిల్డింగే ఒకటి, యాడో ఎందుకులే. కాగితం మీద ఆఫీసు దొడ్లు, హాలు దొడ్లు కలిపి చూపించినారు. తెల్లారుజామున నాలుగున్నరకు ముహూర్తం. ఆఫీసు షట్టర్ దించుండాది, తాళంచెవి మేనేజర్ ఇంట్లో. పైన హాల్లో ఆడోళ్లకు రెండే దొడ్లు, అందులో ఒకటి పెళ్లికూతురి గదిలో. ముసలమ్మలు మెట్లు దిగి కింద హోటల్ తలుపు కొడతా ఉంటే, లోపల ఇడ్లీ పిండి రుబ్బే పిల్లోడు తీయలేదు. పెళ్లికొడుకు మేనమామ నన్ను పట్టుకున్నాడు, పైపులేసింది నేనేనని!

అర దొడ్డి కింద, అర దొడ్డి పైన కూడి ఒకటి అంటారే, మధ్యలో తాళం ఉంటే కూడేదెట్టా?

సివిల్ అక్క
పెద్దాయన అసలు విషయం పట్టుకున్నారు. నాకింకోటి. ఆ సగం సగం ఎక్కడిది తమ్ముడూ? ఆఫీసుకు సరే. సీమంతానికి 150 మంది మగవాళ్లు వస్తారా? 300 మందిలో 220 మంది ఆడవాళ్లనుకో. ఆడిటోరియం పట్టికలో ఆడవాళ్లకు 200 దాకా 100కి మూడు, ఆపైన 100కి రెండు. అంటే 6.4, ఏడు కావాలి. సగం సగం వేస్తే 4.5, ఐదుతో సరిపెడతావు. మగవాళ్లు 80 మందే కాబట్టి వాళ్లకు ఒకటి చాలు. ఐపీసీ కూడా ఆమోదించిన లెక్కలు చూపిస్తే సగం సగం వదిలేయనిస్తుంది, గల్ఫ్ అన్న ఆ వాక్యం ఎత్తలేదు. మీరంతా మగవాళ్ల ఐదోదాని మీద కొట్టుకుంటున్నారు, క్యూ ఉండేది పక్క తలుపు ముందర.

గల్ఫ్ రిటర్న్ ఎంఈపీ
ఆ మినహాయింపు ఉంది, ఒప్పుకుంటా. కానీ తాళం సమస్య తాళంతో పోతుంది. రెండో అంతస్తులో లిఫ్ట్ లాబీ పక్కన, ఎవరి షట్టరుకూ లోపల కాకుండా, కామన్ బ్లాక్ పెట్టండి. ఐపీసీలో ఒక అంతస్తు పైకో కిందికో, 152 మీటర్లలోపు నడిచేలా ఉంటే చాలు. మొదటిదానికీ మూడోదానికీ రెండోది మధ్యలోనేగా. అప్పుడు కూడిక న్యాయమే.

చంద్రగిరి ప్లంబర్
కడిగేదెవరన్నా? హోటలోడా, ఆఫీసోడా?

తిరుచానూరు రోడ్ డ్రాఫ్ట్స్‌మన్
మధ్యలో ఒక డౌటు. హాలు పక్కన 90 చ.మీ. భోజనాల గది ఉంది. మనిషికి 1.5 చ.మీ. వేస్తే ఇంకో 60 మంది. వీళ్లనూ కలపాలా?

సివిల్ అక్క
బంతికి లేచి వెళ్లేది హాల్లో కూర్చున్నవాళ్లే కదా. మెట్ల వెడల్పుకు, అగ్నిమాపక లెక్కకు రెండూ వేసుకో, దొడ్లకు ఒకసారి చాలు. చేతులు కడిగే చోటు మాత్రం ఆ 60 మందీ ఒకేసారి లేస్తారని చూసుకో. అక్కడ పొదుపు చేస్తే సాంబారు చేతులన్నీ గోడకే.

జీవో 119
ఈ ఒక్కదానికీ ఒప్పుకుంటా.

తిరుచానూరు రోడ్ డ్రాఫ్ట్స్‌మన్
ఓనరుతో మాట్లాడొచ్చా. కామన్ బ్లాక్ అనగానే కరెంటు బిల్లు, ఊడ్చే మనిషి జీతం ఎవరివని అడిగాడు. పెద్దాయన ప్రశ్నే. కాబట్టి కూడిక వదిలేశా, ఎవరి తలుపు లోపల వాళ్లవి. హోటల్లో మగవాళ్లకు రెండు, ఆఫీసులో ఒకటి. హాల్లో మగవాళ్లకు రెండే ఉంచా, పెళ్లయితే సగం సగమే వస్తారు కాబట్టి. ఆడవాళ్లకు ఏడు. స్టోర్ రూము పోయింది. ఆయన ఇంకా సంతకం పెట్టలేదు, ఏడుకు బదులు ఆరు కుదరదా అంటున్నాడు.

చంద్రగిరి ప్లంబర్
ఆ ఏడులో రెండన్నా ఇండియన్ పెట్టు నాయనా. మల్ల పైన ట్యాంకు ఎన్ని లీటర్లు రాసినావు?