టెండర్ పిలవకముందే కంపెనీలతో మాట్లాడొచ్చా? నీళ్ల ట్యాంకుల సెన్సార్ల మీద మారుపేర్లతో చర్చ

హంద్రీ గట్టు (కర్నూలు)
ఒక మునిసిపాలిటీ అనుకుందాం. పన్నెండు ఓవర్‌హెడ్ ట్యాంకులు. ప్రతిదానికీ నీటిమట్టం చూపే సెన్సార్, కింద లైన్లకు నీటి ప్రవాహం కొలిచే ఫ్లో మీటర్లు, ఆఫీసులో ఒక స్క్రీన్ పెట్టాలి. స్పెసిఫికేషన్ (పరికరం ఎట్లుండాలో చెప్పే పత్రం) రాయకముందే ఇంజినీర్లు ఏఈ, డీఈ కంపెనీలను పిలిచి మాట్లాడటం తప్పా, మాట్లాడకపోవడం తప్పా?

నన్నడిగితే మాట్లాడకపోవడమే తప్పు. మాట్లాడని ఇంజినీరు ఏం చేస్తాడు? ఇంకో ఊరి టెండర్ పత్రం తెప్పించుకుని ఊరి పేరు మారుస్తాడు. అందులో ‘పరికరం 0 నుంచి 40 డిగ్రీల వరకు పనిచేయాలి’ అని ఉంటే అదీ అట్లనే వచ్చేస్తుంది. కడపలో మే నెలలో నీడలోనే 43, 44 చూస్తుంటాం. ట్యాంకు కప్పు మీద ఎండకు బిగించిన డబ్బా లోపల ఎంతుంటుందో లెక్కేసుకోండి. కంపెనీ కాగితం ప్రకారమే సరుకిచ్చింది, దాన్ని తప్పుపట్టలేం. స్క్రీన్ మీద మాత్రం అంకెల బదులు గీతలు కనిపిస్తుంటాయి.

ఎర్రపెన్ను (కడప)
అన్నా, మాట్లాడటం వేరు, రాయించుకోవడం వేరు. మన ఆఫీసుల్లో మొదటిది రెండోదిగా మారడానికి ఒక్క టీ చాలు. కంపెనీ మనిషి పెన్‌డ్రైవ్‌లో ‘మోడల్ స్పెసిఫికేషన్’ ఇచ్చిపోతాడు. దాంట్లో డబ్బా వెడల్పు 187 మి.మీ., బరువు 1.35 కిలోలు అని రాసుంటాది. నీళ్లు కొలిచేదానికి డబ్బా బరువుతో ఏం పని? ఇంకో కంపెనీ లోపలికి రాకుండా వేసిన గొళ్ళెం అది. అంచనాకు మూడు కొటేషన్లు కావాలంటే అవీ ఆయనే తెచ్చిస్తాడు. లెటర్‌హెడ్‌లు మూడు, అక్షరదోషం ఒకటే.

అందుకే ఏం మాట్లాడినా టెండర్ వేసినాక, ప్రీబిడ్ మీటింగులో (బిడ్లు వేయకముందు కంపెనీలన్నిటితో పెట్టేది), అందరి ముందర, రాతలో. జీఎఫ్‌ఆర్ 2017 (ప్రభుత్వ ఆర్థిక నియమాలు) ప్రకారం బహిరంగ టెండర్‌కు మామూలుగా కనీసం మూడు వారాల గడువు. సందేహాలు అడగడానికి మూడు వారాలు చాలవా?

వాల్వ్ చాంబర్ (అనంతపురం)
ముందు ఒక సవరణ. జీఎఫ్‌ఆర్ కేంద్ర శాఖలకు. మునిసిపాలిటీ నడిచేది రాష్ట్ర నియమాల మీద. షార్ట్ టెండర్ పేరుతో వారంలో ముగించేవీ ఉంటాయి.

ఇక అసలు సంగతి. ప్రీబిడ్ నాటికి అంచనాకు మంజూరు అయిపోయి ఉంటుంది. అప్పుడు నిజం చెప్పినా ఉపయోగం లేదు. ఒక్క ఉదాహరణ చెప్తా. 200 మి.మీ. పైపుకు ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫ్లో మీటర్ అడిగారు. మీటర్‌కు ముందు పైపు వ్యాసానికి అయిదింతలు, తర్వాత రెండింతలు వంపు లేని పైపు కావాలనేది మామూలు లెక్క. అంటే ముందు 1 మీటరు, వెనక 40 సెం.మీ., మధ్యలో మీటర్ ఒళ్లు ఇంకో 35. మొత్తం 1.75 మీటర్లు. పాత వాల్వ్ చాంబర్ (వాల్వ్ ఉండే గుంత) లోపలి పొడవు 1.2 మీటర్లు. చాంబర్ పగలగొట్టి పెంచాల, రోడ్డు తవ్వాల, నీళ్లు ఆపాల. ఆ సివిల్ పని అంచనాలో ఒక్క రూపాయి లేదు. కాంట్రాక్టరు ఏం చేస్తాడు? మీటర్‌ను వాల్వ్ మెడకే బిగిస్తాడు. వాల్వ్ సగం తెరిచినప్పుడల్లా రీడింగు ఊగుతుంది.

పైగా మన దగ్గర నీళ్లు వదిలేది రోజూ కాసేపు, కొన్ని ఊళ్లలో రోజు మార్చి రోజు. పంపు వేసిన మొదటి నిమిషాల్లో పైపులో వచ్చేది గాలి. పైపు నిండకపోతే ఈ మీటర్ తప్పు చెప్తుంది, నీళ్లు పైకెక్కే నిలువు పైపు మీద పెడితే నయం. ఈ మాట అమ్మేవాడికి తెలుసు. చెప్పమని అడిగినోడు లేడు.

పెన్నా ఇసుక (కడప)
సెన్సార్ గురించి నేను చెప్తా. టెండర్లలో ‘అల్ట్రాసోనిక్, టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉండాలి’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. ఈ సెన్సార్ కొలిచేది శబ్దం నీటికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని. శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లయితే, 45 దగ్గర సుమారు 358. టెంపరేచర్ కాంపెన్సేషన్, అంటే వేడిని బట్టి చేసే దిద్దుబాటు, లేకపోతే 3 మీటర్ల దూరానికి 13 సెం.మీ. తేడా. ట్యాంకు వ్యాసం 10 మీటర్లయితే అది పదివేల లీటర్లు!

దిద్దుబాటు ఉన్నా గొడవ తీరదు. చాలా సెన్సార్లు చూసేది తమ ఒంటి వేడిని. పైన కప్పు కాలిపోతుంటుంది, లోపల నీళ్ల మీద గాలి చల్లగా ఉంటుంది. వేడెక్కిన సెన్సార్ లోపలి గాలి కూడా అంతే వేడి అనుకుంటుంది. అందుకే దానికి నీడనిచ్చే రేకు గొడుగు కావాల. ఆ రేకును ఏ టెండర్‌లో అడిగారు? ఇంకోటి, సెన్సార్ మొహం నుంచి 25, 30 సెం.మీ. లోపు నీళ్లొస్తే అది చూడలేదు. సరిగ్గా ట్యాంకు పొర్లే టైముకే కళ్లు మూసుకుంటుందన్నమాట. దాన్ని మ్యాన్‌హోల్ మీద కొంచెం ఎత్తు పైపు పెట్టి బిగించాల.

నీళ్లలో ముంచే ప్రెజర్ సెన్సార్ అయితే ఈ బాధలు లేవు. కానీ నిచ్చెన వెంబడి దిగే ఇరవై మీటర్ల కేబుల్ పిడుగుల కాలంలో ప్రమాదం. రెండు కొసలా పిడుగు దెబ్బ నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్, మంచి ఎర్తింగ్ తప్పనిసరి. ఏది కావాలో ట్యాంకును బట్టి తేలాల. ఎర్రపెన్ను అన్నా, ఇదంతా ప్రీబిడ్‌లో అరగంటలో తేలుతుందా?

హంద్రీ గట్టు
ప్రీబిడ్‌లో అసలు ఎవరూ నోరు విప్పరు. మంచి ప్రశ్న అడిగితే తన ఆలోచన పక్కనోడికి తెలిసిపోతుంది. తెగించి అడిగినా మినిట్స్‌లో వచ్చే జవాబు ఒకటే, ‘టెండర్ నిబంధనల ప్రకారమే’. ఇరవై ప్రశ్నలకు ఇరవై సార్లు. అడిగినవాళ్ల పేరు తీసేసి, ప్రశ్న, జవాబు, ఏ క్లాజు ఎట్ల మారింది అని మూడు గళ్లలో పెడితే ప్రీబిడ్‌కు కొంచెం ప్రాణం వస్తుంది. దాని తర్వాత బిడ్ వేసేదానికి కనీసం పది రోజులియ్యాల.

నేననేది దానికన్నా ముందు దశ గురించి. వస్తువు పేరెత్తకుండా సమస్యను ఒక్క కాగితం మీద పెట్టాల: ట్యాంకుల వ్యాసం, ఎత్తు, పైపు సైజు, చాంబర్ లోపలి కొలతలు ఫోటోలతో, నీళ్లు వదిలే గంటలు, ట్యాంకు దగ్గర కరెంటు ఉందా, మొబైల్ సిగ్నల్ ఉందా. ‘దీన్ని ఎట్ల కొలుస్తారు, ఎక్కడ చెడిపోతుంది, అయిదేళ్లకు ఎంతవుతుంది’ అని అడిగి వెబ్‌సైట్‌లో 15 రోజులుంచాల. వచ్చిన జవాబులతో రాసిన ముసాయిదాను మళ్లీ ఒక వారం బయట పెట్టాల. 2019లో మన రాష్ట్రంలోనే 100 కోట్లు, ఆపైన ఉన్న పనుల టెండర్ పత్రాలను న్యాయమూర్తి పరిశీలనకు పంపి, వారం పాటు జనం ముందు పెట్టే చట్టం వచ్చింది. తర్వాత రద్దయింది గానీ, ముసాయిదా బయట పెట్టడం కుదరని పనేం కాదని తేలింది కదా.

బిల్లు బకాయి (అనంతపురం)
సెన్సార్ గురించి ఇంత మాట్లాడారు, డబ్బు గురించి ఒక్కరూ ఎత్తలేదు. అమ్మేవాడు మొదట అడగాలనుకునేది, అడగలేనిది ఒకటే: ఏ పద్దు? కేంద్రం పట్టణ నీటి పథకం అమృత్ 2.0నా, ఆర్థిక సంఘం నిధులా, మునిసిపాలిటీ సొంత నిధులా? దాన్ని బట్టే రేటు. ‘నిధుల లభ్యతను బట్టి చెల్లింపు’ అని పత్రంలో కనిపించగానే ప్రతివాడూ ఆలస్యానికి వడ్డీని రేటులో కలుపుకుంటాడు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు ఇయ్యాల, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. చట్టం ఉంది, కానీ రేపు మళ్లీ అదే ఆఫీసుకు పోవాల్సినోడు కేసేస్తాడా?

ఇంకోటి. అయిదేళ్ల మెయింటెనెన్స్, సిమ్ రీచార్జి, సర్వర్ అద్దె ఎల్1 (అతి తక్కువ రేటు) లెక్కలో కలపకపోతే సామాను చవగ్గా చూపించి మెయింటెనెన్స్‌లో గుంజుతారు. కాంట్రాక్టు అయిపోయిన రోజు డేటా ఎవరిదో, ఏ రూపంలో చేతికిస్తారో కూడా పత్రంలో ఉండాల. లేకపోతే స్క్రీన్ నల్లబడినాక మళ్లీ ఆ కంపెనీ కాళ్లే పట్టుకోవాల.

ఎర్రపెన్ను
సరే, సమస్యను కాగితం మీద పెట్టి అందరినీ అడగడానికి నాకు అభ్యంతరం లేదు. షరతులు మాత్రం ఉన్నాయి. కూర్చున్న ప్రతి మీటింగూ ఇద్దరు అధికారులతో, ఆఫీసులో, ఫైల్లో నోట్‌తో. ఒక్కరికి చెప్పిన సమాచారం అందరికీ. ముసాయిదాలో ఏ అంకె రాసినా పక్కన ‘ఎందుకు’ అని ఒక వాక్యం. 187 మి.మీ. పక్కన ఏం రాస్తారో చూద్దాం.

ఉచిత డెమోకు మాత్రం నేను ఒప్పుకోను. నెల రోజులు ఉచితంగా పెట్టినోడికే టెండర్ పోతుంది. ఇది లోకమెరిగిన సంగతి.

పెన్నా ఇసుక
టెండర్‌కు ముందు డెమో వద్దు, ఒప్పుకుంటా. టెక్నికల్ బిడ్‌లో నెగ్గినోళ్లందరికీ ప్రైస్ బిడ్ (రేటు కవరు) తెరవకముందు పరీక్ష పెట్టాల. రోజూ పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు టేపుతో కొలిచి సరిచూడాల, 5 సెం.మీ. దాటితే బయటికి. ఈ నియమం టెండర్‌లోనే ముందే రాయాల.

ఎర్రపెన్ను
ఒకే ట్యాంకు మీద నలుగురివి పెడతావా? మ్యాన్‌హోల్ ఒక్కటే కదప్పా.

పెన్నా ఇసుక
పక్కపక్కన పెడితే ఒకదాని శబ్దం ఇంకోదానికి తగిలి రెండూ తప్పు చెప్తాయి. ఒకదాని తర్వాత ఒకటి, తలా ఒక వారం.

ఎర్రపెన్ను
అట్లయితే ఏప్రిల్ మొదటి వారం పెట్టినోడికి ఒక ఎండ, మే మూడో వారం పెట్టినోడికి ఇంకో ఎండ. ఓడినోడు దాని మీదే కోర్టుకు పోతాడు.

వాల్వ్ చాంబర్
ఒకే ఎత్తున్న ట్యాంకులు నాలుగు ఎంచుకోండి. అందరి ముందర చీటీలు తీసి ఎవరికేదో ఇచ్చేయండి. నాలుగూ మే నెలలోనే.