కారు షెడ్డు పోర్షన్‌లో 8×6 వంటగది, బడ్జెట్ 60 వేలు: ముందు ఏ పని పట్టుకోవాలి?

సింగ్‌నగర్_పోర్షన్

విజయవాడ సింగ్‌నగర్‌లో ఇండిపెండెంట్ ఇల్లు. కింద కారు షెడ్డుకు షట్టర్ తీసేసి, గోడ కట్టి ఎప్పుడో పోర్షన్ చేశారు. వెనకవైపు వంటగది, 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. గోడలు నాలుగున్నర అంగుళాలవి, మధ్యలో పిల్లర్ ఒకటి లోపలికి పొడుచుకొచ్చింది. ఇప్పుడున్నది కడప బండల గట్టు. సింకు లేదు, మూలన నేలలో నహానీ ట్రాప్ (నీళ్లు పోయే జాలీ రంధ్రం) ఉంది, గిన్నెలు అక్కడే తోమాలి. నేల గేటు వైపు వాలుగా ఉంది. గోడలు రెండు వైపులా కింద అడుగున్నర దాకా పెచ్చులు లేస్తున్నాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మునిగిన వీధే. అంత వరద అక్కర్లేదు, గట్టి వాన పడినా ట్రాప్‌లోంచి నీళ్లు పైకి తంతాయి. మాడ్యులర్ వాళ్లను అడిగితే కప్‌బోర్డులకే బడ్జెట్ దాటిపోయింది. గట్టు ఎల్ ఆకారంలో పెట్టించాలా, నిలువుగా ఒకే గోడకా? ట్రాప్ ఉంచాలా తీసేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పైపులెక్క

కప్‌బోర్డుల సంగతి ఆఖరున చూద్దురు గానీ, ముందు సింకు నీళ్లు ఎటు పోవాలో తేల్చండి. షెడ్డు నేల వీధి కాలవకు దాదాపు సమానంగానో, కిందగానో ఉంటుంది. కాలవ నిండితే నీళ్లు వెనక్కి తన్ని, అన్నిటికంటే కిందున్న రంధ్రంలోంచి బయటికొస్తాయి. మీ ఇంట్లో ఆ రంధ్రం నహానీ ట్రాప్. దాన్ని మూసేసి, సింకు పైపును నేలలోకి దించకుండా గోడ వెంబడే బయటికి తీసుకెళ్లాలి.

లెక్క ఇలా వేసుకోండి. గట్టు ఎత్తు 33 అంగుళాలు, సింకు లోతు 8. అంటే సింకు అడుగు 25 అంగుళాల దగ్గర ఉంటుంది. బాటిల్ ట్రాప్ (వాసన పైకి రాకుండా కాస్త నీళ్లు నిలిపే సీసాలాంటి భాగం) తగిలించాక పైపు గోడలోంచి బయటపడేది నేలకు 15 అంగుళాల ఎత్తున. అక్కణ్ణుంచి ఛాంబర్ (బయట మురుగు నీళ్లు కలిసే గుంట) దాకా 10 అడుగులుందనుకుంటే, అడుగుకు పావు అంగుళం వాలు చొప్పున మొత్తం దిగేది రెండున్నర అంగుళాలే. నేల పగలగొట్టే పనే లేదు. 2 అంగుళాల పైపు, రెండడుగులకో క్లాంపు. మలుపులో ఒకే 90 డిగ్రీల ఎల్బో వాడకుండా 45వి రెండు వేయించండి. మలుపు దగ్గర మూత విప్పి శుభ్రం చేసుకునే డోర్ బెండ్ ఉండాలి.

సింకు కింద ముడతల గొట్టం మాత్రం వద్దే వద్దు. గంజి వార్చిన నీళ్లు ఆ ముడతల్లో ఒక్కో గీతలో పేరుకుని, చల్లారాక జిగురుగా పట్టుకుంటాయి. దాని మీద నూనె, దాని మీద మెతుకులు. నెల తిరక్కుండానే వాసన మొదలు. లోపల నున్నగా ఉండే గట్టి పైపే వేయించండి.

సింకు 24×18, సింగిల్ టబ్, 304 గ్రేడు స్టీలు. దాన్ని బయటి గోడ వైపు చివర పెట్టండి, పైపు పొడవు తగ్గుతుంది.

తాపీపని_గుంటూరు

గట్టు ఒకే గోడకు, 8 అడుగులూ నిలువుగా. ఎల్ పెడితే 6 అడుగుల వెడల్పులో ఇద్దరు తిరగలేరు, మూల కింద చోటు ఎవరి చేతికీ అందదు, పైగా గ్రానైట్ ఎక్కువ, అతుకు ఒకటి. సింకుకు 2 అడుగులు, కూరలు తరగడానికి రెండున్నర, స్టవ్వుకు రెండున్నర, మిక్సీకి ఒకటి. సరిపోయింది. 16 చదరపు అడుగుల రాయి చాలు.

ఎత్తు కొలిచేటప్పుడు జాగ్రత్త. షెడ్డు నేల కారు కడిగిన నీళ్లు పోవడానికి వాలుగా వేస్తారు. 8 అడుగుల్లో 2 అంగుళాలు దిగి ఉంటుంది. నేల నుంచి 33 కొలిచి రెండు చివర్లా గుర్తు పెడితే గట్టూ వాలుతుంది, సింకు నీళ్లన్నీ స్టవ్వు కిందికి. నీళ్ల గొట్టంతో లెవెల్ పట్టి గోడ మీద గీత కొట్టించి, ఆ గీత నుంచే కొలవమనండి. 33 కూడా అందరికీ కాదు. వండేవాళ్లు నిలబడి మోచెయ్యి మడిస్తే ఎంత ఎత్తుందో అందులో 4-5 అంగుళాలు తగ్గించుకోండి.

పెచ్చుల గోడకు పుట్టీ పూస్తే డబ్బు దండగ. చెమ్మ నేలలోంచి ఇటుకల వెంట పైకి పాకి, గోడ ఆరేచోట ఉప్పు వదిలేస్తుంది. ఆ ఉప్పే పుట్టీని తోసేస్తుంది. దాని మీద టైల్స్ వేస్తే ఇంకా తప్పు. ఆరే దారి లేక చెమ్మ టైల్స్ దాటి పైకెక్కుతుంది. చెమ్మ గీతకు మరో అడుగున్నర పైదాకా, అంటే 3 అడుగుల వరకు పాత ప్లాస్టర్ ఇటుక కనబడేలా చెక్కించండి. వారం పదిరోజులు ఫ్యాన్ పెట్టి ఆరనివ్వండి. తర్వాత 1:4 పాళ్లలో (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ల ఇసుక) కొత్త ప్లాస్టర్. మీ రెండు గోడలకు కలిపి 42 చదరపు అడుగులొస్తుంది. అర బస్తా పైచిలుకు సిమెంటు, రెండున్నర ఘనపుటడుగుల ఇసుక. వాటర్‌ప్రూఫ్ ద్రావణం బస్తాకు 200 మిల్లీలీటర్ల లెక్కన ఇసుకలో కాదు, కలిపే నీళ్లలో పోయాలి. 7 రోజులు తడపాలి. కొత్త ప్లాస్టర్ నేలను తాకకుండా అర అంగుళం సందు వదలమనండి, మళ్లీ పీల్చుకోదు.

చెమ్మ పూర్తిగా పోతుందని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. పునాదిలో డీపీసీ (చెమ్మ పైకెక్కకుండా అడ్డుకునే పొర) లేని గోడకు ఇది కాలం గడుపుకునే వైద్యమే.

టైల్స్ గట్టు మీద 2 అడుగుల ఎత్తు వరకే. పొడవు 8, రెండు పక్కలా 2 చొప్పున, మొత్తం 24 చదరపు అడుగులు. 12×18 సైజువి 16 పడతాయి, కోతకు 2 కలిపి 18 తీసుకోండి.

సింగ్‌నగర్_పోర్షన్

చాలా థాంక్స్ అండీ. ఉన్న కడప బండలు పారేయాలా? కింద తలుపులు దేనితో చేయిస్తే మంచిది? డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే బోర్డు) నీళ్లకు తట్టుకుంటుంది అంటున్నారు.

చెక్కపని_వద్దు

బండలు పారేయొద్దు. కడప బండ సున్నపురాయి జాతి. పైన వాడితే చింతపండు పులుసు, నిమ్మరసం పడినచోటల్లా మెరుపు పోయి తెల్ల మచ్చ మిగులుతుంది. నిలువు ఆధారాలుగా మాత్రం దానికి సాటి లేదు, వరదొచ్చినా కడిగేస్తే సరి. వాటినే కోయించి నాలుగు నిలువు బండలు పెట్టండి, రెండు చివర్లా రెండు, మధ్యలో రెండు. మధ్యవాటిలో ఒకటి సింకుకు ఆనుకుని ఉండాలి. గ్రానైట్ పగిలేది సింకు కోత మూలల్లోనే. మూల చతురంగా కాకుండా గుండ్రంగా తిప్పి కోయించండి, ముందువైపు కనీసం 3 అంగుళాల పట్టీ మిగలాలి. పిల్లర్ దగ్గర కొలతలు నోటితో చెప్పొద్దు, అట్ట కత్తిరించి ఆకారం తీసి రాళ్ల కొట్టువాడికి ఇవ్వండి.

ఇంకొకటి, దీనికి ఖర్చేమీ లేదు. గ్రానైట్ ముందు అంచు కింద, అర అంగుళం లోపలికి, పొడవునా కట్టర్‌తో సన్నటి గాడి ఒకటి కొట్టించండి. గట్టు మీంచి జారిన నీళ్లు ఆ గాడి దగ్గర ఆగి చుక్కలుగా కింద పడతాయి. గాడి లేకపోతే రాయి అడుగున పాకుతూ వెళ్లి తలుపుల మీద కారతాయి.

తలుపుల విషయంలో నా ఓటు అల్యూమినియం సెక్షన్‌కే. డబ్ల్యూపీసీ నీళ్లకు ఉబ్బదు, నిజమే. కానీ స్క్రూ పట్టు ప్లైవుడ్ అంత ఉండదు. ముందుగా సన్నగా రంధ్రం వేయకుండా నేరుగా స్క్రూ దిగ్గొడితే కబ్జాలు (తలుపు బందులు) కొన్నాళ్లకు ఊగుతాయి. అల్యూమినియం ఫ్రేములో పీవీసీ షీటు బిగిస్తే వరద నీళ్లు తీశాక పైపు పెట్టి కడుక్కోవచ్చు. సింకు కింద తలుపే వద్దు, తెర చాలు, గాలి ఆడాలి. పై అరలు నాలుగున్నర గోడకు బరువుగా వేలాడదీయొద్దు, ఇటుకల మధ్య సిమెంటు అతుకు దగ్గర యాంకర్ (గోడలో దిగే బోల్టు) వదులైపోతుంది. పప్పు డబ్బాల వరకు పిల్లర్ నుంచి పిల్లర్‌కు చదరపు పైపు వేసి దాని మీద పెట్టుకోండి. వెల్డింగ్ ఆటోనగర్‌లో చేయించి తెచ్చుకోవచ్చు.

వైరింగ్_లెక్క

షెడ్డుకు ముందు ఒక్క లైటుకే వైరు లాగి ఉంటారు. దాని మీదే ఫ్రిజ్, మిక్సీ, ఇండక్షన్ పెడితే వేడెక్కుతుంది. మెయిన్ బోర్డు నుంచి పోర్షన్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, వంటగది 16 ఆంపియర్ల పాయింట్లకు రెండున్నర, లైట్లకు ఒకటిన్నర. ఇండక్షన్ 2000 వాట్లయితే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, పక్కనే 1500 వాట్ల కెటిల్ పెడితే 15 దాటుతుంది. ఈ రెండింటికీ వేర్వేరు లైన్లు, వేర్వేరు ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్‌లు) ఉండాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) తప్పనిసరి, చెమ్మ గోడల ఇంట్లో మరీను. వైర్లన్నీ పై నుంచి దింపండి. ఫ్రిజ్ సాకెట్ కూడా 4 అడుగుల ఎత్తునే. గోడ సన్నం కాబట్టి అడ్డంగా గాడి కొట్టొద్దు, కేసింగ్‌లో (గోడ పైన బిగించే ప్లాస్టిక్ పట్టీలో) వేయించండి.

గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైన ఉన్నా సరే, సిలిండర్ ఉన్నచోట నేలకు దగ్గరగా గోడలో జాలీ ఒకటి వదలండి. సిలిండర్ నిలబెట్టే ఉండాలి. హోస్ గోడలోంచి దూర్చొద్దు, ఐదేళ్లకోసారి మార్చాలి.

పైపులెక్క

ట్రాప్ మూయడం గురించి ఒక మాట మర్చిపోయాను. సిమెంటు పోసి మూసేయకండి. ముందు మేడ మీద బాత్రూంలో రెండు బకెట్ల నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించి, కింద ట్రాప్‌లో కదలిక ఉందేమో చూడండి. కదిలితే పైవాళ్ల లైను కూడా ఇందులోనే కలిసిందన్నమాట. అప్పుడు వంటగదిలో మూసినా, వానకు వెనక్కి తన్నిన నీళ్లు మీ పోర్షన్ బాత్రూం ట్రాప్‌లోంచి వస్తాయి. అలా అయితే బయట ఆఖరి ఛాంబర్‌లో, వీధి కాలవకు కలిసేచోట నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వనిది) పెట్టించండి. వాల్వ్ మూసుకుని ఉన్నంతసేపు మీ ఇంటి నీళ్లూ బయటికి పోవు, వాన తగ్గేదాకా పైన వాడకం ఆపమనాలి. కదలకపోతే ట్రాప్ నోటికి ఎండ్ క్యాప్ అతికించి, పైన టైల్ వేయించండి. వాల్వ్ రెక్క కింద పాలిథిన్ ముక్క ఇరుక్కున్నా అది మూసుకోదు, వానాకాలం ముందోసారి మూత తీసి చూసుకోవాలి.